ఎకనామిక్స్ డిగ్రీ, మధ్యలో ఉద్యోగం: బెంగళూరులో కుదురుతుందా?

ప్రశ్న: మాది హిందూపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. గ్రూపు ఎస్‌ఈబీఏ, అంటే స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, అకౌంటెన్సీ. కెనడాలో ఉన్న మా మరిది కూతురు కో-ఆప్ పద్ధతిలో డిగ్రీ చేస్తూ, మధ్యమధ్యలో కంపెనీల్లో పనిచేసి జీతం తెచ్చుకుంటోంది. మా అమ్మాయి కూడా ఎకనామిక్స్ అలాగే చదువుతానంటోంది, కానీ ఇక్కడే ఉండి. మావారు బీకాం, ఆ తర్వాత సీఏ అంటున్నారు. చదువు మధ్యలో జీతం అలవాటైతే మళ్లీ పుస్తకం పట్టదేమోనని నా టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి కోరుకుంటున్నది మంచి చదువే. కో-ఆప్ అనే పేరుతో ఎకనామిక్స్ డిగ్రీ మన దగ్గర దొరకడం కష్టం. కానీ కాలేజీని జాగ్రత్తగా ఎంచుకుని, ఏ ఏడాది ఏ పని చేయాలో ముందే అనుకుంటే ఆ పద్ధతిని ఇక్కడే చాలావరకు అమలు చేసుకోవచ్చు.

ముందు కో-ఆప్ అంటే ఏమిటో తెలిస్తే మిగతాది సులువవుతుంది. అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ 1906లో ఇంజనీరింగ్ విద్యార్థులతో దీన్ని మొదలుపెట్టారు. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ 1957లో ఈ పద్ధతితోనే పుట్టింది. కొన్ని నెలలు క్లాసు, కొన్ని నెలలు ఆఫీసు, మళ్లీ క్లాసు. వాటర్లూలో ఒక్కో పని విడత నాలుగు నెలలు. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్‌లో మామూలుగా ఆరు నెలలు. జీతం కంపెనీ ఇస్తుంది. యూనివర్సిటీ ఉద్యోగాలు చూపిస్తుంది గానీ, ప్రతి విడతకూ విద్యార్థే అప్లై చేసి ఇంటర్వ్యూలో నెగ్గాలి. మీ మరిది కూతురు తెచ్చుకుంటున్న జీతం వెనక ఆ పోటీ కూడా ఉందని మీ అమ్మాయికి చెప్పండి.

మన దేశంలో పరిస్థితి వేరు. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన డిగ్రీ నమూనాలో మూడేళ్లకు 120 క్రెడిట్లు ఉంటే, ఇంటర్న్‌షిప్‌కు ఇచ్చింది రెండు నుంచి నాలుగు. నాలుగు క్రెడిట్లంటే 120 గంటలు, ఆఫీసు లెక్కన మూడు వారాలు. మూడు వారాల్లో పిల్లకు ఆఫీసులో అందరి పేర్లూ తెలిసేలోపే గడువైపోతుంది. కో-ఆప్‌కు దగ్గరగా ఉన్నది అప్రెంటిస్‌షిప్‌తో కలిపిన డిగ్రీ. అందులో సెమిస్టర్లకు సెమిస్టర్లే పనిలో గడుస్తాయి, స్టైపెండ్ కూడా ఉంటుంది. అయితే నా కంటపడినవి ఎక్కువగా బీకాం, బీబీఏ వైపువే. కాలేజీ వాళ్లు 'ఇండస్ట్రీ ఇంటిగ్రేటెడ్' అని పెద్దక్షరాలతో వేసినా, ఎన్ని వారాలు, ఎన్ని క్రెడిట్లు, స్టైపెండ్ ఎంత, కిందటేడాది ఎకనామిక్స్ పిల్లలు ఎక్కడెక్కడ పనిచేశారు అని అడగండి. నాలుగోదానికి పేర్లతో జవాబు రాకపోతే ఆ మాట బ్రోషర్ వరకే అనుకోండి.

ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. కర్ణాటక ప్రభుత్వం 2024-25 నుంచి తన యూనివర్సిటీల్లో మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వెళ్లిపోయింది. అజీమ్ ప్రేమ్‌జీ, క్రైస్ట్ లాంటి చోట్ల నాలుగేళ్ల ఆనర్స్ ఉంది. మూడేళ్లలో చేతికి వచ్చేవి రెండు వేసవి సెలవులే. నాలుగేళ్లయితే మూడు సెలవులు, పైగా చివరి ఏడాదిలో ప్రాజెక్టుకు చోటు. పని అనుభవమే ముఖ్యమనుకునే పిల్లకు నాలుగేళ్లే నయమని నా అభిప్రాయం. కాకపోతే ఒక ఏడాది ఫీజు అదనం. అది మీకు భారమైతే మూడేళ్ల డిగ్రీ, ఆపైన రెండేళ్ల ఎంఏ మంచి దారే. రిజర్వ్ బ్యాంకు పరిశోధన విభాగానికైనా, యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకైనా ఎలాగూ పీజీ కావాల్సిందే.

ఇప్పుడు నాకు నిజంగా ఆందోళన కలిగిస్తున్న విషయం. మీ అమ్మాయి గ్రూపులో లెక్కలు లేవు. స్టాటిస్టిక్స్ బదులు లెక్కలుండే ఎంఈబీఏ గ్రూపు తీసుకుని ఉంటే ఈ పేరా రాయాల్సిన పని ఉండేది కాదు. ఇవాళ ఎకనామిక్స్ అంటే సగం కాల్‌క్యులస్, సగం గణాంకాలు. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు ప్లస్ టూలో లెక్కలు తప్పనిసరి. ఇంకా కొన్ని చోట్ల కూడా ఇదే నిబంధన ఉంటుంది. అందుకే ప్రాస్పెక్టస్‌లో ఫీజు పేజీ కంటే ముందు అర్హత పేజీ చదవండి. స్టాటిస్టిక్స్ చదువుతోంది కాబట్టి ఆమె వెనకబడిపోయిందని అనను, ఆ పునాది రేపు డేటా పనిలో బాగా ఉపయోగపడుతుంది. లెక్కల లోటు పూడ్చుకోవడానికి రెండు దారులున్నాయి. పీయూసీ పాసయ్యాక జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్‌లో లెక్కలు ఒక్కటే విడిగా రాయవచ్చు. అలా రాసిన మార్కులు ఒప్పుకుంటారా అని మీకు నచ్చిన యూనివర్సిటీని ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు భద్రపరచుకోండి. రెండోది, ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి, పన్నెండు పాసైతే చాలు. క్వాలిఫయర్ అనే ప్రవేశ పరీక్ష గట్టెక్కితే మొదటి దశలోనే లెక్కలు, స్టాటిస్టిక్స్, పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పుతారు. మామూలు డిగ్రీతో పాటు నడపడం బరువే. డిగ్రీ మొత్తం పూర్తిచేయాలని పట్టు పట్టకుండా మొదటి దశ చేయించినా ఎంతో మేలు.

ఇక పని విడతలు. మొదటి వేసవిలో ఆఫీసు వద్దు. ఫీల్డ్ సర్వేకు పంపండి. బెంగళూరులో పరిశోధన సంస్థలు, ఎన్జీవోలు ఇంటింటి సర్వేలకు మనుషుల్ని తీసుకుంటాయి. ఇంట్లో తెలుగు, బయట కన్నడ మాట్లాడే పిల్ల అక్కడ చాలామంది ఇంగ్లిష్ మీడియం పిల్లల కంటే విలువైనది. కోలారులోనో, చిక్కబళ్లాపురంలోనో ఒక రైతును 'పోయినేడు ఆదాయమెంత?' అని అడిగి చూస్తే, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఎండ, బస్సులు, సాయంత్రానికి గొంతు పోవడం, అన్నీ ఉంటాయి. జట్టుగా పంపే సంస్థ అయితేనే, రాత్రి బస ఎక్కడో కనుక్కున్నాకే పంపండి.

రెండో ఏడాది మొత్తం డేటాతో గడపాలి. కార్మిక శక్తి సర్వే డేటాను కేంద్ర గణాంక శాఖ ఉచితంగా ఇస్తోంది. మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ఉన్నాయి. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మదనపల్లె ధర, కోలారు ధర ఒకేసారి కదిలాయా, ఒకటి ముందు కదిలితే రెండోది ఎన్ని రోజులకు అందుకుంది? ఈ ప్రశ్నను ఎక్సెల్‌లో మొదలుపెట్టి, గణాంకాల సాఫ్ట్‌వేర్ 'ఆర్'లో పూర్తిచేసి, నాలుగు పేజీల నోట్ రాస్తే, అదే ఆమె రెజ్యూమే. ఆ నోట్ పట్టుకుని రెండో వేసవికి నాగరభావిలోని ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ ఐసెక్‌లో ఒక ప్రొఫెసర్‌కో, ఎంఎస్ బిల్డింగ్‌లోని రాష్ట్ర ఆర్థిక, గణాంక శాఖకో రాయమనండి. ఐసెక్‌ను వి.కె.ఆర్.వి. రావు 1972లో స్థాపించారు. అక్కడి లైబ్రరీ చూసినా మీ అమ్మాయికి ఈ సబ్జెక్టు ఎంత లోతైనదో అర్థమవుతుంది. నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌కు డిగ్రీ రెండో ఏడాది పరీక్షలయ్యాక అప్లై చేయవచ్చు. పన్నెండులో 85 శాతం అడుగుతారు కాబట్టి ఈ పీయూసీ మార్కుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. డబ్బులివ్వరు, ఆరు వారాలైనా ఉండాలి. పీఎం ఇంటర్న్‌షిప్ పథకం మాత్రం 2024లో మొదలైనప్పుడు రెగ్యులర్‌గా చదువుతున్నవాళ్లకు కాదు, ఇప్పటి నిబంధన చూసుకోకుండా దాని వెంట పడొద్దు.

కంపెనీ ఉద్యోగం మూడో విడతకు వదిలేయండి. అవుటర్ రింగ్ రోడ్డులో, వైట్‌ఫీల్డ్‌లో విదేశీ బ్యాంకుల, రిటైల్ కంపెనీల ఆఫీసుల్లో రిస్కు, ధరల నిర్ణయం, డిమాండ్ అంచనా చూసే టీములున్నాయి. మొదటి ఏడాదే వెళితే ఫైళ్లు సర్దిస్తారు. రెండు విడతల అనుభవంతో, డేటాబేస్‌ల నుంచి వివరాలు రాబట్టే ఎస్‌క్యూఎల్ భాష చేతిలో పెట్టుకుని వెళితే పని చెబుతారు. స్టైపెండ్ దాదాపు ఇక్కడే మొదలవుతుంది. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. డబ్బు కట్టించుకుని ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. దానిలో పని ఉండదు. ఇంటర్వ్యూలో అది మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

మీ టెన్షన్ గురించి. సీఏలో కూడా ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటర్ దగ్గర పనిచేస్తూ నేర్చుకోవడం ఉంది కదమ్మా. ఇప్పుడు రెండేళ్లు, ఆ పిల్లలు రోజంతా ఆడిట్లు తిరిగి రాత్రి ఫైనల్‌కు చదువుతారు. మీవారి దారిలో భయం లేనప్పుడు అమ్మాయి దారిలోనే ఎందుకు? జీతం వల్ల చదువు ఆగిపోయిన పిల్లల్ని చూశాను, నిజమే. వాళ్లలో ఎక్కువమంది తరగతితో సంబంధం లేని పనిలో చేరినవాళ్లు. పని విడత అయ్యాక రెండు పేజీలు రాయించండి: క్లాసులో చెప్పినదానికీ అక్కడ చూసినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో. తేడా కనబడిన పిల్ల దాన్ని తేల్చుకోవడానికైనా పుస్తకం తీస్తుంది.

మీవారికి సీఏ మీద అంత నమ్మకముంటే, ఆ మాట అమ్మాయి ముందు కూర్చుని ఆమె సిలబస్ పక్కన పెట్టుకుని మాట్లాడమనండి. ఆమెకు అకౌంటెన్సీ ఇష్టమై, ఎకనామిక్స్ అనేది కేవలం కెనడా అక్కను చూసి అంటున్న మాటైతే, మీవారు చెప్పేదే సరైనది కావచ్చు. తేల్చుకోవడానికి ఒక పని చేయండి. ఈ దసరా సెలవుల్లో ఆ టమాటా ధరల లెక్క ఒక నెలకు మాత్రం ఆమె చేత చేయించండి. రెండు రోజుల్లో విసుగొచ్చిందో, ఇంకో నెల కూడా చూస్తానందో నాకు రాయండి, కాలేజీల జాబితా దాన్ని బట్టి పంపిస్తాను.