స్ట్రాబెరీ కస్టర్డ్‌లో సబ్బు రుచి ఎందుకు?

(బ్రిటన్‌లో వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) లిక్విడ్ సొంతంగా కలుపుకుంటున్న పాఠకుల ప్రశ్నలివి. సిగరెట్ మానడానికి వేప్ పట్టినవారి కోసమే ఈ జవాబులు. ఏ అలవాటూ లేనివారు దీని జోలికి రావద్దు.)

ప్రశ్న: 60 మి.లీ. స్ట్రాబెరీ కస్టర్డ్ కలిపాను. స్ట్రాబెరీ 8 శాతం, కస్టర్డ్ 10, వనిల్లా 4 వేశాను. మూత తీసి రెండు రోజులు ఉంచాను. సీసా దగ్గర వాసన బ్రహ్మాండంగా ఉంది, పీలిస్తే సబ్బు రుచి. ఇంకెన్నాళ్లు ఊరబెట్టాలి? - ఒక పాఠకుడు, స్లౌ

జవాబు: తప్పు ఊరబెట్టడంలో లేదు, కొలతలో ఉంది. మొత్తం 22 శాతం ఫ్లేవర్ పడింది. మోతాదు మించితే రుచి పెరగదు సరికదా, ఒకదాన్నొకటి మింగేసి సెంటు వాసన, సబ్బు రుచి మిగులుతాయి. పారబొయ్యక్కర్లేదు. ఫ్లేవర్ లేని పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) మిశ్రమం 105 మి.లీ. చేరిస్తే 8 శాతానికి దిగుతుంది. నికోటిన్ కూడా ఆ మేరకు పలచబడుతుందని గుర్తుంచుకోండి.

ఈసారి కస్టర్డ్ 4, స్ట్రాబెరీ 3, వనిల్లా 1 శాతంతో మొదలుపెట్టండి. 60 మి.లీ.కి అవి 2.4, 1.8, 0.6 మి.లీ. అవుతాయి. పీజీ 30, వీజీ 70 పాళ్లలో, మి.లీ.కి 3 మి.గ్రా. నికోటిన్ కావాలంటే అదే పాళ్లున్న, మి.లీ.కి 18 మి.గ్రా. ఉన్న నికోటిన్ షాట్ (చిన్న సీసా) ఒకటి (10 మి.లీ.), పీజీ 10.2 మి.లీ., వీజీ 35 మి.లీ. సరిపోతాయి. ఫ్లేవర్లు పీజీలో చేసినవే అనుకుని వేసిన లెక్క ఇది.

సిరంజీల కంటే 0.01 గ్రాము వరకు చూపే చిన్న కాటా నయం. వీజీ చిక్కన, సిరంజీ గోడలకు అంటుకుపోతుంది. మి.లీ. వీజీ 1.26 గ్రాములు, పీజీ సుమారు 1.04 గ్రాములు తూగుతాయి. అంటే పై లెక్కలో వీజీ 44.1 గ్రాములు, పీజీ 10.6 గ్రాములు. ఫ్లేవర్లను మి.లీ.కి గ్రాము చొప్పున లెక్కేసుకోవచ్చు. వనిల్లా ముందు, వీజీ చివర పొయ్యండి. కొంచెం వెయ్యాల్సినదాంట్లో ఒక్క చుక్క తేడా వచ్చినా రుచి మారిపోతుంది, వీజీలో ఆ తేడా తెలియదు. నికోటిన్ చర్మం గుండా లోపలికి పోతుంది కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి. సీసాకు పిల్లలు తియ్యలేని మూత ఉండాలి.

తరవాత గట్టిగా ఊపి, మూత బిగించి, చీకటి అలమరలో పెట్టండి. ఆవకాయ మూడోనాడు తిరగకలిపినట్టు దీన్నీ నాలుగు రోజులకోసారి ఊపితే చాలు. పళ్ల ఫ్లేవర్లు ఒకటి రెండు రోజుల్లోనే వాడొచ్చు. కస్టర్డ్‌కు మూడు వారాలైనా కావాలి. వనిల్లా రుచినిచ్చే వనిలిన్ లాంటి ఆల్డిహైడ్లు మెల్లగా పీజీతో కలిసి ఎసిటాల్స్ అనే వేరే పదార్థాలుగా మారతాయి, రుచిలో పదును తగ్గడానికి అదొక కారణం. మూత తీసి ఉంచితే ముందు ఎగిరిపోయేది మీ స్ట్రాబెరీయే.

ప్రశ్న: వేడినీళ్లలో పెడితే తొందరగా ఊరుతుందా? రంగు గోధుమగా మారితే పాడైనట్టేనా? - ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: చేత్తో పట్టుకోగలిగినంత గోరువెచ్చని నీళ్లలో పావుగంట ఉంచితే వీజీ పలచబడి బాగా కలుస్తుంది. అల్ట్రాసోనిక్ క్లీనర్ చేసేదీ అంతే. మూడు వారాల పనిని ఏదీ గంటలో చెయ్యదు. మరీ వేడి చేస్తే నికోటిన్ ఆక్సీకరణ చెందుతుంది. వనిల్లా ఉంటే రంగు ముదరడం మామూలే. వనిల్లా లేకుండా ముదిరి, గొంతులో మిరియం ఘాటు తగిలితే అది నికోటిన్ పాతబడ్డ గుర్తు. పారెయ్యండి.

ప్రశ్న: ఇండియన్ షాపులో దొరికే యాలకుల నూనె, రోజ్ ఎసెన్స్ వెయ్యొచ్చా? - ఒక పాఠకుడు, రీడింగ్

జవాబు: వద్దు. నూనె పీజీలో కలవదు, ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి చేరితే లిపాయిడ్ న్యుమోనియా (ఊపిరితిత్తుల్లో నూనె చేరి వచ్చే వాపు) రావచ్చు. ఎసెన్స్‌లో రంగు, పంచదార ఉంటే కాయిల్ (లిక్విడ్‌ను వేడిచేసే తీగ) మాడిపోతుంది, సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి కూడా అంతే. తినడానికి పనికొచ్చేదల్లా పీల్చడానికి పనికిరాదు. వెన్న రుచినిచ్చే డైఅసిటైల్ ఇందుకు ఉదాహరణ. అది ఉన్న ఆవిరి పీల్చి అమెరికాలో మిస్సోరీ పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతిన్న సంగతి 2000లో బయటపడింది. కస్టర్డ్, బటర్ ఫ్లేవర్లు కొనేముందు డైఅసిటైల్, దాని లాంటిదే అయిన అసిటైల్ ప్రొపియనైల్ లేవని తయారీదారు రాతపూర్వకంగా చెప్పాడో లేదో చూడండి. చెప్పకపోతే కొనకండి.

ప్రశ్న: సెలవులకు విజయవాడ వస్తున్నాను. ఒక సీసా వెంట తెచ్చుకోవచ్చా? - అదే పాఠకుడు

జవాబు: తేవద్దు. భారత్‌లో 2019 నాటి ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం దిగుమతి, తయారీ, అమ్మకం, నిల్వ అన్నిటినీ నిషేధించింది. నికోటిన్ లేని పరికరాలకూ అది వర్తిస్తుంది. దిగుమతికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ కొద్ది రోజులకు నికోటిన్ గమ్ గానీ ప్యాచ్ గానీ సరిపోతాయేమో మీ ఫార్మసిస్టును అడగండి.