ఫ్రీ డేకేర్ సంగతి సరే, మీ అమ్మ సంగతేంటి?

ఉత్తరం: మాది హైదరాబాద్, నిజాంపేట. ఇద్దరం సాఫ్ట్‌వేర్. పాపకి రెండేళ్లు. నా మెటర్నిటీ లీవ్ అయిపోయినప్పట్నుంచి అమ్మే వచ్చి చూసుకుంటోంది, నాన్న తెనాలి దగ్గర ఊళ్లో ఉంటారు. ఈ మధ్య అమ్మ ప్రతిదానికీ అలుగుతోంది, ఊరెళ్లిపోతానంటోంది. డేకేర్‌లో నెలకి 15 వేలు అన్నారు, ఫ్లాటు, కారు ఈఎంఐలతో మాకు కుదరదు. అమెరికాలో న్యూ మెక్సికోలో అందరికీ ఫ్రీ చేశారట, మన ప్రభుత్వాలు ఎందుకు చెయ్యవు? అప్పటిదాకా అమ్మకి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: నా కూతురి ఈడు దానివి, నువ్వు అనే రాస్తాను, ఏమనుకోకు.

న్యూ మెక్సికో సంగతి ముందు తేల్చేద్దాం. నిజమే, 2025 నవంబర్ 1 నుంచి అక్కడ జీతం ఎంతని చూడకుండా అందరికీ ఫ్రీ చేశారు, ఆ రాష్ట్రానికి చమురు, గ్యాస్ డబ్బుంది, చిన్నపిల్లల కోసమని 2020లోనే విడిగా ఒక ఫండ్ పెట్టుకున్నారు. ఇక్కడా రావాలి, గట్టిగా అడగాలి. 1975 నుంచి మనకి అంగన్‌వాడీలున్నాయి గానీ రాత్రి ఏడింటికి క్యాబ్ దిగే తల్లికి అవి ఏం సరిపోతాయి. కానీ అదంతా వచ్చేసరికి మీ పాప స్కూల్లో ఉంటుంది. నాకు గుచ్చుకున్నది ఆ చివరి మాట, అమ్మకి నచ్చజెప్పడం.

ఏమని నచ్చజెప్తావ్? ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫీజు రాశావు, ఈఎంఐలు రాశావు, మీ అమ్మ వయసెంతో రాయలేదు, మోకాళ్లెలా ఉన్నాయో రాయలేదు. నాన్న గురించి ‘ఊళ్లో ఉంటారు’, అంతే. ఆయనకి ఏడాదిన్నరగా అన్నం ఎవరు వండుతున్నారు?

మా అపార్ట్‌మెంట్ కింద సాయంత్రం ఐదింటికి రోజూ చూస్తాను, ఉయ్యాల దగ్గర నలుగురైదుగురు అమ్మమ్మలు, ఒక చేతిలో పిల్లాడి అన్నం గిన్నె, భుజానికీ చెవికీ మధ్య ఫోన్, ‘పొద్దున ఏం తిన్నారు, మళ్లీ కర్రీ పాయింటేనా, పాలు తోడేశారా’ అని అవతల ఊళ్లో ఉన్న మొగుడికి గుర్తుచేస్తుంటారు. పిల్లాడు పరిగెడితే ఫోన్ కట్.

మా అమ్మ కూడా నా కొడుకుని మూడేళ్లు పెంచింది. వెళ్తానన్నప్పుడల్లా నేను ఒక చీర కొనిచ్చేదాన్ని, ఆవిడ ఆగిపోయేది, నాకది ప్రేమే అనిపించేది. నాన్న పోయాక బీరువా తీస్తే మడత విప్పని చీరలు ఆరు కనిపించాయి. ఇప్పటికీ ఆ అర వైపు చూడలేను.

నీ అసలు సమస్య ప్రభుత్వం కాదు, డేకేర్ కాదు, మీ అమ్మతో నువ్వు ఉంటున్న తీరు. ఆవిడ అలుగుతోంది అంటే గట్టిగా అడగలేకపోతోంది అని. కూతురితో ‘నా వల్ల కాదు’ అని చెప్పే అమ్మలు మన ఇళ్లలో ఎక్కడున్నారు? పైగా అల్లుడి ఇల్లు, ఆయన వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న రోజు హాల్లో కాళ్లు చాపుకుని కూర్చోవడానికి కూడా మొహమాటమే. అమ్మ చేస్తే ఖర్చు లేదనుకుంటున్నావు, ఆ ఖర్చు మీ నాన్న కంచంలో కనిపిస్తోంది.

కారుకి నెలనెలా కట్టగలిగినవాళ్లు పాపకీ కట్టగలరు, కష్టమైతే కారు అమ్మేయండి. ఫీజు నీ జీతంలోంచి మాత్రమే తియ్యొద్దు, ఇద్దరిదీ. పొద్దున దింపడం మీ ఆయన పని, సాయంత్రం తెచ్చుకోవడం నీ పని, లేదా అటూ ఇటూ. ఇంకోటి, 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలని 2017 నుంచి చట్టంలో ఉంది, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు కూడా. మీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు, ఒక్కదానివే కాదు, చిన్నపిల్లలున్న నలుగురూ కలిసి పెట్టండి.

కొత్తచోట పాప వారం పది రోజులు ఏడుస్తుంది. అప్పుడు మీ అమ్మే ‘వద్దులే, నేనుంటాను’ అంటుంది చూడు, ఆ మాట పట్టుకుని ఆపేయకు. పాప అలవాటు పడగానే తెనాలికి టికెట్ తియ్యి. వెళ్లడానికి మాత్రమే తియ్యి, తిరిగి ఎప్పుడు రావాలో ఆవిడ చెప్తుంది.