భూకంపానికి పిల్లర్ పగిలితే బిల్డర్‌ను అడగొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, ఇరవై ఫ్లాట్లు. 2022 జూన్‌లో తాళాలు ఇచ్చారు. 2024 డిసెంబర్ 4న భూకంపం వచ్చినప్పుడు మా ఇంట్లో రెండు గోడలు ఏటవాలుగా పగిలాయి. కింద పార్కింగ్‌లో ఒక పిల్లర్‌కు పెచ్చు ఊడి లోపలి రాడ్డు కనబడుతోంది. బిల్డర్‌కు ఫోన్ చేస్తే, "దేవుడు చేసినదానికి నేనేం చేయను? మనది సేఫ్ జోన్, భూకంపానికి తగ్గట్టు ఇక్కడ ఎవరు కడతారు?" అంటున్నాడు. చట్టం నిజంగా ఆయన వైపే ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: లేదమ్మా. భూమి కదలడం దేవుడి చేతిలోదే అనుకుందాం. ఆ కదలికకు పిల్లర్ ఎందుకు పగిలిందన్నది వేరే ప్రశ్న. చట్టం అడిగేది ఆ రెండో ప్రశ్నే.

ముందు ఆ "సేఫ్ జోన్" మాట చూద్దాం. మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క, అంటే భారత ఫలకం, ఏటా సుమారు ఐదు సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగిపోదు, మన కింద ఉన్న పాత పగుళ్ల దాకా వస్తుంది. గోదావరి లోయ అడుగున అలాంటి పగుళ్లున్నాయి. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కదిలింది అక్కడే. మీరు చెప్పిన రోజు ములుగులో ఉదయం 7.27కి వచ్చిన 5.3 కూడా ఆ లోయదే. భూకంపాల మ్యాపులో జోన్ 1 అనేదాన్ని 2002లోనే తీసేశారు. అన్నిటికంటే తక్కువ జోన్‌లో ఉన్నా సరే, భూకంపాన్ని తట్టుకునే కట్టడాల కోసం ఉన్న ఐఎస్ 1893 అనే భారత ప్రమాణం ప్రకారం భూకంపం లెక్క వేసే డిజైన్ చేయాలి. "ఎవరు కడతారు" అన్న మాట ఆయన వాట్సాప్‌లో రాసి ఉంటే చెరిపేయకండి, అది మీకే పనికొస్తుంది.

2001 జనవరి 26న కచ్‌లో 7.7 తీవ్రతతో భూమి కంపించింది. భూకంప కేంద్రం భచావ్ దగ్గర. అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలి ఏడు వందల మందికి పైగా చనిపోయారు. కూలినవాటిలో చాలావరకు మీ భవనం లాంటివే. కింద గోడల్లేకుండా పార్కింగ్ వదిలి పైన అంతస్తులు లేపినవి. పైనున్న గోడలన్నీ కలిసి పెట్టెలా బిగుసుకుంటాయి. ఊపంతా కింద ఒంటరిగా నిలబడ్డ పిల్లర్ల మీద పడుతుంది. ఒకే వీధిలో ఒకటి కుప్పకూలితే దాని పక్కది నిలబడింది. రెండింటి కిందా ఊగింది ఒకే నేల! అక్కడ బిల్డర్ల మీద, ఇంజనీర్ల మీద క్రిమినల్ కేసులు పెట్టారు. మీ వీధిలోనూ అదే చూడండి. అదే ఎత్తున్న పక్క భవనాలకు గీత కూడా పడకపోతే, వాటి ఫోటోలు తేదీతో తీసి పెట్టుకోండి. నేనైతే వాదన అక్కడినుంచే మొదలుపెడతాను.

నేను వాదించిన ఒక కేసులో పిల్లర్ పెచ్చు తీసి చూస్తే నిలువు రాడ్లను చుట్టి పట్టే ఇనుప రింగుల్లో ఒకదానికీ ఇంకోదానికీ మధ్య జానెడుకు పైగా ఎడం ఉంది. రింగుల కొసలు లోపలికి వంచలేదు, ఊరికే ఎల్ ఆకారంలో వదిలేశారు. అదిరినప్పుడు ఆ కొసలు విడిపోతాయి, లోపలి కాంక్రీటును పట్టి ఉంచేది ఏమీ ఉండదు. అంత వివరంగా రాసిన ఇంజనీరు రిపోర్టు ముందు పెట్టాక "దేవుడు" అన్న మాట మళ్లీ వినబడలేదు.

ఇక సెక్షన్లు. మీ ప్రాజెక్టు రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద, నమోదై ఉంటే ఆ చట్టంలోని సెక్షన్ 14(3) మీకు అండ. తాళాలిచ్చిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో లోపం బిల్డర్ దృష్టికి తెస్తే, పైసా తీసుకోకుండా ముప్పై రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. మీకు 2027 జూన్ వరకు గడువుంది. ఫోన్లో చెప్పడం చాలదు, రిజిస్టర్డ్ పోస్టులో రాతపూర్వకంగా నోటీసు పంపండి. ఆ చట్టంలో "భూకంపం" అన్న మాట ఉందని ఆయన లాయరు చూపిస్తారు. నిజమే, 6వ సెక్షన్‌లో ఉంది. అది కడుతున్నప్పుడు విపత్తు వస్తే ప్రాజెక్టు గడువు పొడిగించుకోవడానికి మాత్రమే. అప్పగించిన ఇంట్లో లోపానికి అది సాకు కాదు. ఫిర్యాదు మీ అసోసియేషన్ పేరుతో వేయడం మేలు, ఖర్చు పంచుకోవచ్చు. స్ట్రక్చరల్ ఇంజనీరు ఎవరన్నది రిజిస్ట్రేషన్ వివరాల్లో ఉంటుంది, ఆయనకూ నోటీసు కాపీ పంపండి.

వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. రెరా ఉన్నంత మాత్రాన ఆ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కానీ అక్కడ రెండేళ్లలోపే కేసు వేయాలి. పగుళ్లు కనబడిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి.

అన్నీ మీకు అనుకూలమేనని చెప్పలేను. వెంట్రుకంత ప్లాస్టర్ గీతలకు పెద్దగా ఏమీ రాదు. మీలో ఎవరైనా గోడ కొట్టి వంటగది పెంచుకుని ఉంటే బిల్డర్ దాన్నే పట్టుకుంటాడు, ముందే మీ లాయరుకు చెప్పేయండి. స్వతంత్ర ఇంజనీరు చూసి రిపోర్టు రాసే వరకు పుట్టీ, పెయింట్ వేయించొద్దు. ఇంటికి బీమా ఉంటే ఆ కాగితం తీసి చూడండి. భారత్ గృహ రక్ష పాలసీలో భూకంపం కవరై ఉంటుంది. హోమ్ లోన్‌తో బ్యాంకు అంటగట్టింది మాత్రం చాలాసార్లు మీ ప్రాణానికి బీమా, ఇంటికి కాదు.

రాడ్డు బయటపడిన ఆ పిల్లర్ గురించి నాకు టెన్షన్‌గా ఉంది. కేసు సంగతి తర్వాత, ముందు ఇంజనీరును పిలిచి దాని పక్కన జాకీలు పెట్టించండి, ఆ చుట్టూ బండ్లు నిలపకండి, పిల్లల్ని ఆడుకోనివ్వకండి. జాకీల బిల్లు జాగ్రత్తగా దాచండి, అదీ పరిహారంలో అడుగుదాం.