టైమ్‌కే పోయినా సీట్ లేదంటే
చాలావరకు ఇది ఓవర్‌బుకింగే అన్నా, అంటే ఫ్లైట్‌ల ఉన్న సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్ముడు. కన్ఫర్మ్ టికెట్‌తో టైమ్‌కే శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌కి పోయినా సీట్లు ఫుల్ అన్నారంటే ఇంకేముంటది.

1. అందరూ మర్చిపోయేది ఇదే. కౌంటర్ దగ్గర్నుంచి కదలకముందే ఎయిర్‌లైన్ వాళ్లతో 'డినైడ్ బోర్డింగ్' (ఫ్లైట్ ఎక్కనియ్యలేదు) అని రాయించుకోండి, లేకపోతే రేపు సిస్టమ్‌ల నో షో అని చూపించి మీరే లేటుగా వచ్చారంటరు, అప్పుడు ఎంత మొత్తుకున్నా లాభం లేదు. రాసియ్యకపోతే అక్కడే నిలబడి వాళ్లకి మెయిల్ కొట్టండి, టైమ్ పడ్తది కదా.

2. యాప్‌లో మీ అంతట మీరు క్యాన్సిల్ కొట్టకండి.

3. డీజీసీఏ (విమానాల మీద నిఘా ఉంచే కేంద్ర సంస్థ) రూల్: అసలు టైమ్ నుంచి గంటలోపు బయల్దేరే వేరే ఫ్లైట్ ఇస్తే పరిహారం పైసా రాదు. 24 గంటల్లోపైతే వన్‌వే బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జ్ కలిపి దానికి 200 శాతం, మ్యాగ్జిమమ్ 10,000. అదీ దాటితే 400 శాతం, 20,000 దాకా.

4. ఎయిర్‌లైన్ వాళ్లు ఇయ్యం అంటే ఎయిర్‌సేవాలో (విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వ పోర్టల్) కంప్లైంట్ పెట్టండి, ఆ రాసిచ్చిన కాగితమో మెయిలో జతచేసి.