చిత్తూరు పాళెగాళ్లు (కొన్ని ఊళ్ల మీద అధికారం ఉన్న స్థానిక నాయకులు) ఫాంటసీ కథల్లోని యుద్ధప్రభువుల్లా ఎప్పుడూ కత్తి పట్టుకునే బతికారా?

లేదు, పాళెగాడి రోజుల్లో ఎక్కువ భాగం శిస్తు వసూళ్లకు, ఊళ్ల కావలికి, తగవులు తీర్చడానికే సరిపోయేది. యుద్ధం పిలుపు వచ్చినప్పటి పని.

కారణం అతని అధికారం పుట్టిన తీరులోనే ఉంది. విజయనగర కాలంలో పాళెగాడికి కొన్ని ఊళ్ల మీద హక్కు దక్కేది. బంగారుపాళెం పేరులోని 'పాళెం' అంటే అలా దక్కిన ఊళ్లే. బదులుగా తన పై ప్రభువుకు కప్పం కట్టాలి, అడిగినప్పుడు బంట్లను పంపాలి, దారుల్లో దొంగల భయం లేకుండా చూడాలి. ఆ బంట్లందరికీ నెలజీతాలేం ఉండవు. చాలామందికి తక్కువ పన్ను మీద భూమి ఇచ్చేవాడు. మామూలు రోజుల్లో దున్నుకునేవాళ్లు, పిలుపొస్తే ఈటె పట్టేవాళ్లు. అంటే వానలు పడకపోతే సైన్యమూ డీలా పడినట్టే. ఫాంటసీ గేముల్లో ఈ టెన్షన్ ఎవరూ చూపించరు!

కావలి సంగతే చూడండి. ఊళ్లో ఎవరి ఎద్దో పోయిందనుకోండి. పాళెగాడు కావలి రుసుం తీసుకుంటున్నాడు కాబట్టి దాన్ని వెతికి తేవాలి, లేదంటే నష్టం తనే భరించాలి. అదీ కట్టుబాటు. (కావలి పేరుతో జనాన్ని పీడించినవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి.)

పాళెగాడంటే స్వతంత్ర రాజు అని చాలామంది పొరబడతారు. 1565 తర్వాత విజయనగరం బలహీనపడి వీళ్లకు స్వేచ్ఛ పెరిగిన మాట నిజమే, కానీ ఆర్కాటు నవాబుల కాలంలోనూ కప్పం తప్పలేదు. 1801లో ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాక, ఎదురుతిరిగిన పాళెగాళ్లను సైన్యంతో అణచేశారు. కార్వేటినగరం లాంటివి జమీందారీలుగా మిగిలాయి.