ఇంట్లో ముగ్గురు, ఒకే చాట్‌బాట్

ప్రశ్న: మా అత్తగారికి చాలా ఏళ్ళుగా మధుమేహం ఉంది. ఏడో నెల గర్భిణి అయిన మా ఆడపడుచు పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. డిగ్రీ చదువుతున్న మా మరిదికి ఆందోళన, నిద్రలేమి. ముగ్గురూ తమ ఆరోగ్యం గురించి ఫోన్‌లో చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. వద్దనాలా, ఊరుకోవాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముగ్గురికీ కలిపి ఒకే సలహా ఇవ్వలేను. తెలిసిన జబ్బు గురించి అడిగేవారికీ, ఏమిటో తెలియని బాధ గురించి అడిగేవారికీ, ఎవరితోనూ చెప్పుకోలేక అడిగేవారికీ చాట్‌బాట్ వల్ల కలిగే మేలూ కీడూ ఒకటి కావు.

మీ అత్తగారి విషయంలో నాకు అభ్యంతరం తక్కువ. ఆమె జబ్బు ఏమిటో ఎప్పుడో తేలిపోయింది, చూసే డాక్టరూ ఉండే ఉంటారు. ఓపీ రద్దీలో ఎవరూ విడమరచి చెప్పని సంగతులను, అంటే హెచ్‌బీఏ1సీ గడచిన రెండు మూడు నెలల షుగర్ సగటును తెలుపుతుందన్న లాంటి వాటిని, ఆమె తీరిగ్గా ఎన్నిసార్లయినా అడిగి తెలుసుకోవచ్చు. చిక్కల్లా మధ్యవర్తితోనే. పెద్దవాళ్ళ తరఫున టైపు చేసేది మనవడో, దూరాన ఉన్న కొడుకో కనుక, ఆమె చెప్పినదాంట్లో సగమే ప్రశ్నలోకి చేరుతుంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మంచిదేనా అని అడిగితే మంచిదేనన్న జవాబు వస్తుంది; అయితే మూత్రపిండాల పనితీరును చూపే ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గినవారు ఆ మాత్ర వాడకూడదు, ఆ అంకె ప్రశ్నలో లేకపోతే చాట్‌బాట్‌కు తెలిసే దారి లేదు. కొడుకు లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే మరో తిరకాసు: మన ల్యాబులు 126 అని రాసే షుగర్‌ను అక్కడ మరో కొలతలో 7 అంటారు. అంకె పక్కన కొలత పేరు కూడా రాయమనండి.

అడగని సంగతి తనంతట తాను అడిగి రాబట్టడంలోనే డాక్టరుకూ యంత్రానికీ తేడా ఎక్కువగా కనిపిస్తుంది. ఉప్పులోని క్లోరైడును మానాలనుకున్న 60 ఏళ్ళ అమెరికన్ ఒకాయన చాట్‌బాట్‌ను సంప్రదించాక, ఉప్పుకు బదులు సోడియం బ్రోమైడును మూడు నెలలు వాడి, మతిభ్రమతో ఆసుపత్రి పాలయ్యాడని 2025లో అక్కడి వైద్యులు ఒక పత్రికలో రాశారు. ఆ వైద్యులే అలాంటి ప్రశ్న వేసి చూసినప్పుడు, ఎందుకోసం అడుగుతున్నారని అది ఎదురు ప్రశ్న వేయలేదట. మన దేశంలో 2020 నాటి టెలిమెడిసిన్ (ఫోన్, వీడియోల ద్వారా దూరం నుంచి చేసే వైద్యం) మార్గదర్శకాలు కూడా, కృత్రిమ మేధ వేదికలు డాక్టరుకు సాయపడవచ్చు కానీ రోగికి నేరుగా సలహా ఇవ్వడానికి, మందు రాయడానికి వీల్లేదంటున్నాయి.

మీ ఆడపడుచు విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. ఏం తినాలి, ఎలా పడుకోవాలి అన్న ప్రశ్నలతో నష్టం లేదు. కొత్తగా కనిపించిన లక్షణాన్ని మాత్రం చాట్‌బాట్‌తో తేల్చుకోకూడదు. గర్భిణికి తలనొప్పి అని మాత్రమే రాస్తే విశ్రాంతి తీసుకోండి, నీళ్ళు తాగండి అన్న జవాబు రావచ్చు. అదే తలనొప్పికి కళ్ళు మసకబారడం, ముఖం ఉబ్బడం, పక్కటెముకల కింద నొప్పి తోడైతే, లేదా రక్తపోటు 140/90కి చేరితే అది ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి రక్తపోటు పెరిగే జబ్బు) కావచ్చు, తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. అప్పుడు టైపు చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి బయలుదేరాలి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి.

మీ మరిదిని కోప్పడకండి. నెలసరి, సంతానలేమి, సుఖవ్యాధుల వంటి విషయాలను నలుగురిలో ఎత్తలేనివారు చాట్‌బాట్‌ను ఆశ్రయించే కారణమే ఆయనదీ: అది చిన్నబుచ్చదు, ఎవరికీ చెప్పదన్న నమ్మకం. (రెండోది పూర్తిగా నిజం కాదు, ఆ సంభాషణలు సాధారణంగా కంపెనీ సర్వర్లలో నిలవ ఉంటాయి.) అయితే అది తరచుగా మనం అన్నదానికే వంతపాడుతుంది, దిగులుగా ఉన్న మనిషికి అది మంచిది కాదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరును ఆయన ఫోన్‌లో మీరే సేవ్ చేసి పెట్టండి. చనిపోవాలనిపిస్తోందన్న మాట ఎప్పుడైనా వస్తే ఒంటరిగా వదలకుండా, ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్ళండి.