ఎల్ఫ్ భాషల్లో మాట పుట్టించడం: మీ ప్రశ్నలు, మా జవాబులు

నవలాకారుడు టోల్కిన్ తన కథల్లోని ఎల్ఫ్ జాతి కోసం కల్పించిన భాషలు క్వెన్యా, సిండరిన్‌ల గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. ముందు నక్షత్రం గుర్తు (*) ఉన్న రూపం టోల్కిన్ రాతల్లోది కాదు, ఆయన ఇచ్చిన ముక్కలతో కట్టింది. మీరు కట్టే మాటలకూ ఈ గుర్తు పెట్టండి. పెట్టకపోతే నాలుగు చేతులు మారేసరికి మీ మాట టోల్కిన్ మాటగా చలామణీ అయిపోతుంది.

ప్రశ్న: శుభలేఖ మీద "మా పెళ్ళికి రండి" అని క్వెన్యాలో వేయించాలనుకుంటున్నాం. దొరికిన మూడు అనువాదాల్లో "మా" మూడు రకాలుగా ఉంది. ఏది సరైనది? (విజయవాడ)

జవాబు: తెలుగువాళ్ళకి ఇక్కడ కొంత లాభం ఉంది. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు తడబడే చోట మనకి దారి ముందే తెలుసు. మన "మేము", "మనము" తేడా క్వెన్యాలోనూ ఉంది. అక్కడ ద్వివచనం అదనం. టోల్కిన్ 1960ల నాటి లెక్క ప్రకారం నామవాచకానికి చివర -ల్మ చేరిస్తే "మా" (ముగ్గురు, అంతకు మించి), -ల్వ చేరిస్తే "మన", -మ్మ చేరిస్తే "మా ఇద్దరి".

పెళ్ళికి టోల్కిన్ 1930లలో రాసుకున్న వ్యుత్పత్తి నిఘంటువులో "వెస్తలె" అని ఉంది. మా ఇద్దరి పెళ్ళి *వెస్తలెమ్మ. దానికి "వైపు" అర్థమిచ్చే -న్న చేరిస్తే *వెస్తలెమ్మన్న. "రా" అనడానికి ఆజ్ఞార్థకమైన "ఆ" ముందు పెట్టి "తుల్-" ధాతువు వాడాలి. మొత్తం వాక్యం: *ఆ తులె వెస్తలెమ్మన్న. పిలిచేది రెండు కుటుంబాల తరఫున అయితే *వెస్తలెల్మన్న. *వెస్తలెల్వన్న మాత్రం అచ్చు వేయించకండి. అది "మన పెళ్ళి". అతిథిని కూడా పీటల మీద కూర్చోబెట్టినట్టవుతుంది.

మూడు రకాలు ఎందుకొచ్చాయంటే, టోల్కిన్ ఈ ప్రత్యయాలను జీవితాంతం మారుస్తూనే వచ్చారు. 1954లో "ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్" మొదటి కూర్పులో కథానాయకుడు ఫ్రోడో చెప్పే పలకరింపులో "మన కలయిక యొక్క" అనే అర్థంలో "ఒమెన్తియెల్మొ" అని ఉంటే, 1960ల నాటి రెండో కూర్పులో అది "ఒమెన్తియెల్వొ" అయింది. క్రైస్తవుల ప్రభువు ప్రార్థనకి ఆయన 1950లలో చేసిన క్వెన్యా అనువాదం "ఆతరెమ్మ" అని మొదలవుతుంది. 2002లో "విన్యార్ తెంగ్వార్" పత్రికలో వెలువడింది. తెలుగు బైబిల్లో "పరలోకమందున్న మా తండ్రీ" అన్నట్టే అక్కడా "మా". దేవుణ్ణి కలుపుకుని "మన తండ్రీ" అనలేం కదా. అయితే ఆ రోజుల్లో -మ్మ బహువచనం, తర్వాతి లెక్కలో అదే ద్వివచనం. ఆ ప్రార్థన చూసి -మ్మ తీసుకుని, పలకరింపు చూసి -ల్వ తీసుకుంటే రెండు కాలాల వ్యాకరణాలు ఒకే వాక్యంలో కొట్టుకుంటాయి. ప్రత్యయాలన్నీ ఒకే కాలానివి ఎంచుకోండి. పదాలు పాతవైనా ఫరవాలేదు. పదజాలంలో చాలావరకు పాత నిఘంటువు మీదే బతుకుతున్నాం.

ప్రశ్న: ఫోన్‌కి క్వెన్యా మాట కట్టాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? (హైదరాబాద్)

జవాబు: కట్టకుండా గడుస్తుందేమో ముందు చూడండి. "ఫోన్ చేశాడు" అనేది "దూరం నుంచి మాట్లాడాడు" అని తిప్పి చెప్పగలిగితే కొత్త మాట అవసరం లేదు. ఉన్న మాటలతో తిప్పి చెప్పింది పదేళ్ళ తర్వాత కూడా చదివితే అర్థమవుతుంది. కట్టిన మాటకి పక్కన వివరణ రాయాలి.

తప్పదనుకుంటే రెండు దారులు. ఒకటి ధాతువుకి ప్రత్యయం చేర్చడం. క్వెన్యాలో "క్వెత్-" అంటే మాట్లాడు. సాధనాన్ని సూచించే -మ ప్రత్యయం "కల్మ" (దీపం, "వెలుగు" ధాతువు నుంచి), "పర్మ" (పుస్తకం, "కూర్చు" ధాతువు నుంచి) వంటి వాటిలో ఉంది. చాలామంది ఇక్కడే ఆగి *క్వెత్మ అని రాసేస్తారు. అది చెల్లదు. త్+మ జంటని క్వెన్యా ఒప్పుకోదు. ధాతువు ల్, ర్ లాంటి వాటితో ముగిస్తేనే -మ సాఫీగా అతుకుతుంది. "తెక్-" (రాయు) నుంచి కలానికి "తెకిల్" అని టోల్కిన్ వేరే ప్రత్యయం వాడటం గమనించండి.

రెండోది సమాసం. "పలన్" అంటే సుదూరం ("పలన్తీర్" అనే చూపురాయి పేరులో ఉన్నది అదే), "ఓమ" అంటే గొంతు. కలిపితే *పలనోమ, బహువచనం *పలనోమర్. విశేషణం ముందు, ప్రధానపదం వెనక అన్న క్రమం మన తత్పురుషం లాంటిదే. మన "దూరవాణి" కూడా సరిగ్గా ఇలా కట్టిందే. జనం మాత్రం ఫోన్ అనే అంటారు, అది వేరే సంగతి.

కట్టాక ధ్వని పరీక్ష చేయండి. క్వెన్యా మాట అచ్చుతోగానీ, త్, స్, న్, ల్, ర్‌లలో ఒక్క హల్లుతోగానీ ముగియాలి. బ, ద, గ మాట మొదట్లో రావు. మధ్యలో కూడా ంబ, ంద, ంగ, ల్ద, ర్ద లాంటి జంటల్లోనే వస్తాయి. *పలనోమ నెగ్గుతుంది. చివరి మెట్టు, అదే రూపం ఇంకో అర్థంలో ఇప్పటికే ఉందేమో నిఘంటువులో వెతకడం. "ఎల్డామో" నిఘంటువులో టోల్కిన్ మాటలూ, తర్వాతివాళ్ళు కట్టినవీ వేర్వేరు గుర్తులతో ఉంటాయి కాబట్టి పని తేలిక.

ప్రశ్న: క్వెన్యా మాట చివర అచ్చు తీసేస్తే సిండరిన్ మాట అయిపోతుందా? (వరంగల్)

జవాబు: అవ్వదు. రెండూ ఒకే పాత భాష నుంచి చీలాయి కాబట్టి ఆ మూలరూపం దాకా వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి సిండరిన్ దారిలో ముందుకి రావాలి. "మాట్లాడు" మూలధాతువు క్వెత్. క్వెన్యాలో అది అలాగే ఉంది. సిండరిన్‌లో క్వ మొదట్లో ప అయింది, అచ్చు తర్వాతి త ద అయింది, కాబట్టి "పెద్-". "ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్"లో మోరియా గని తలుపు మీది "పెదొ మెల్లొన్" ("మిత్రమా" అని పలుకు)లో పెదొ ఇదే. క్వెన్యాలో చంద్రుడు "ఇసిల్", సిండరిన్‌లో "ఇథిల్".

సమాసంలో రెండో పదం మొదటి హల్లు మెత్తబడటం ఇంకో చిక్కు: ప→బ, త→ద, క→గ, ద→ధ (ఇంగ్లిష్ "దిస్"లోని ఉచ్చారణ). "మోర్" (నల్లని) + "కొథ్" (శత్రువు) = మోర్గొథ్, టోల్కిన్ కథల్లో దుష్టుడి పేరు. అదే లెక్కన "మోర్" + "దోర్" (నేల) *మోర్ధోర్ కావాలి. అవలేదు, ఆ కథల్లోని చీకటి రాజ్యం పేరు మోర్దోర్ అయింది. కారణం, దోర్ మొదట్లో ఉన్నది ఒట్టి ద కాదు, పాత రూపంలో అది న్ద. దీన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. సిండరిన్‌లో ద ఉన్న మాటకి క్వెన్యా జోడీ న తో మొదలైతే (దోర్‌కి నోరె, పడమరని సూచించే దూన్‌కి నూమెన్) మూలం న్ద అని అర్థం, అక్కడ ధ చేయకూడదు. కొత్తగా కట్టిన సిండరిన్ ఊరిపేర్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

బహువచనం కూడా మన "లు"లా చివర తగిలించేది కాదు, లోపలి అచ్చులు మారతాయి. అమొన్ (కొండ) ఎమిన్ అవుతుంది, అందులో రెండో అచ్చు పెదవులు గుండ్రంగా పెట్టి పలికే ఇ. అదన్ (మనిషి) ఎదైన్ అవుతుంది.

ప్రశ్న: క్వెన్యా విభక్తులు మన విభక్తుల్లాగే ఉన్నాయి. ఒకదానికొకటి పెట్టి అనువదించొచ్చా? (రాజమండ్రి)

జవాబు: "నుంచి"కి -ల్లొ, "లో"కి -స్సె పెట్టుకుంటే చాలావరకు నడుస్తుంది. "కి", "తో", "యొక్క" దగ్గరే దెబ్బ తింటారు. "అమ్మకి ఇచ్చాను"లో కి చతుర్థి, దానికి -న్. "ఊరికి వెళ్ళాను"లో కి గమ్యం, దానికి -న్న. "కత్తితో కోశాను"కి -నెన్ సరిపోతుంది, "అమ్మతో వెళ్ళాను"కి పనికిరాదు, అక్కడ "అస్" అనే మాట ముందు రావాలి. "యొక్క"కి రెండు రూపాలు. ఒరొమె అనే దేవత చేతిలో ఉన్న కొమ్ముబూర "రోమ ఒరొమేవ". అదే ఆయన దగ్గరి నుంచి వచ్చినదైతే "రోమ ఒరొమెఒ". సొత్తుకి -వ, పుట్టుకకి -ఒ అని గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఇంట్లోవాళ్ళ పేర్లు అనువదించి గోడమీద ఎల్ఫ్ లిపిలో రాయాలి. రవికుమార్, తార, శ్రీనివాస్. (డాలస్)

జవాబు: రవికుమార్‌కి టోల్కిన్ పేరే సిద్ధంగా ఉంది: అనారియొన్, సూర్యపుత్రుడు. తార ఎలెన్. ఆడపిల్ల పేరులా వినిపించాలంటే *ఎలెనియెల్, నక్షత్రపుత్రిక. శ్రీనివాస్‌ని అనువదించకండి, పలికినట్టు లిపిలో రాయండి.

ఆ లిపి తెంగ్వార్ మనకి కొత్తగా అనిపించదు. మూలాక్షరాలు 24. నాలుగు వర్గాలు, ఆరు వరసలు. సాధారణ అమరికలో వర్గాల మొదటి అక్షరాలు త, ప, చ, క. అచ్చులు గుణింతంలా హల్లు మీద గుర్తులు. గుర్తు ముందు హల్లు మీదా, తర్వాతి హల్లు మీదా అన్నదానికి టోల్కిన్ చెప్పిన సూత్రం, మాటలు ఎక్కువగా అచ్చుతో ముగిసే భాషలో ముందు హల్లు మీద. తెలుగు అజంత భాష కాబట్టి మనకీ అదే వర్తిస్తుంది. ఖ, ఛ, థ, ఫ లాంటి ఒత్తక్షరాలకి నిలువుగీతని పైకీ కిందకీ రెండువైపులా పొడిగించిన రూపాలు ఉన్నాయి, వాటి మూల ప్రయోజనమే అది. లేనిది ట వర్గం. త వర్గానికే కింద చుక్క పెట్టడం లాంటి ఏర్పాటు మీరే చేసుకుని, గోడమీద ఒక మూల ఆ సంగతి చిన్నగా రాసిపెట్టండి.